హంతకుడి ఇంటి కోసం మా వీధికి వచ్చినవాళ్లు

నేరాల సినిమా చూసేటప్పుడు నేను హంతకుడి కోసం వెతకను. ఇల్లు చూస్తాను. ఎవరి ఇల్లు ఎలా ఉంది, ఆ ఇల్లు వాళ్ల జీతానికి వస్తుందా రాదా, సోఫా ఎక్కడిది, మెట్లకు వేసిన రాయి ఎక్కడిది, ఇవే చూస్తాను. నాచారం పారిశ్రామికవాడలో మేకులూ బోల్టులూ చేసే ఒక ఫ్యాక్టరీలో జీతాల లెక్కలు రాసినదాన్ని. అలవాటు పోదు. ఇన్‌స్పెక్టరు ఇంట్లో ఎనిమిది కుర్చీల భోజనాల బల్ల కనిపిస్తే ఇక కథ నా బుర్రకెక్కదు. ప్రావిడెంట్ ఫండు మొత్తం తీసినా ఆ బల్ల రాదు కదా అనుకుంటూ కూర్చుంటాను. మావారు బతికుండగా, "సినిమాకొచ్చావా, ఆడిట్‌కొచ్చావా?" అని మోచేత్తో పొడిచేవారు.

ఈ ఇళ్లు చూడగా చూడగా నాకొక సంగతి తట్టింది. మేము పెళ్లయి ఈ ఊరొచ్చిన కొత్తలో సినిమాల్లో నేరమంతా బంగళాల్లో జరిగేది. హాలు మధ్యలోకి రెండు వైపుల నుంచీ మెట్లు దిగేవి. విలన్ పట్టు గౌను వేసుకుని పైనుంచి దిగుతుంటే కింద పెట్టె నిండా బంగారు బిస్కెట్లు. పేదవాడు దొంగతనం చేస్తే తల్లి మందుసీసా కోసమే, రొట్టెముక్క కోసమే. పైవాడు ఆశతో, కిందవాడు ఆకలితో. మధ్యలో ఉన్న మాబోటి నెలజీతగాళ్లకు నేరంలో భాగం లేదు. ఉంటే గింటే నిజాయితీగల గుమాస్తాగా మొదటి రీల్లోనే చచ్చిపోవడం ఒకటే. చిల్లుపడిన లెక్క కనిపెట్టి యజమానికి చెప్పబోతాడు, అంతే, లారీ వస్తుంది. ఆ సన్నివేశం వచ్చినప్పుడల్లా నేను కుర్చీలో సర్దుకుని కూర్చునేదాన్ని.

తొంభైలు వచ్చేసరికి బంగళా పోయింది. నేరం ఫ్యాక్టరీ షెడ్డుల్లోకి మారింది. ఇనప గొలుసులు, నూనె డ్రమ్ములు, పగిలిన అద్దాల్లోంచి పడే ఎండ. ఆ తర్వాత భూములు. హద్దురాళ్లు పాతిన పొలం, గోడలు ఇంకా పైకి లేవని అపార్టుమెంటు, తెల్లచొక్కా వేసుకుని చేతికి లావుపాటి కడియం పెట్టుకున్న మనిషి. అప్పట్లో మేడిపల్లి వైపు, దమ్మాయిగూడ వైపు ఒకే ప్లాటు ఇద్దరికి అమ్మారనే మాటలు రోజూ వినేవాళ్లం గనక ఆ సినిమాలు మాకు కథల్లా అనిపించేవి కావు. ఇక ఈ మధ్య చూస్తున్నవాటిలో హంతకుడు మా వీధిలాంటి వీధిలోనే ఉంటున్నాడు. ఇంటి ముందు నీళ్ల డ్రమ్ము, తలుపుకు దోమల జాలీ, ఫోనుకు నెలనెలా కట్టాల్సిన వాయిదా. వాడు హత్య చేసేది కూడా వాయిదాల మధ్యలోనే.

నేరం ఇలా మెట్టుమెట్టూ దిగి మా గుమ్మం దాకా ఎందుకొచ్చినట్టు? మేం చెడిపోయామా, సినిమావాళ్లకు మా మీద జాలి పుట్టిందా, లేక లెక్కలో ఇంకేదైనా ఉందా? చాలాకాలం ఈ ప్రశ్న నాతోనే ఉండిపోయింది. జవాబు చెప్పగల మనిషి ఒక ఉదయం తనంతట తానే మా పక్కింటి గేటు తట్టాడు.

పక్కిల్లు మా వీధిలో అన్నిటికన్నా పాతది. నాచారం ఊరుగా ఉన్నప్పుడు, చుట్టూ జొన్నచేలు ఉన్నప్పుడు కట్టింది. రెండు గదులు, ముందు వరండా, దానిపై సిమెంటు రేకులు. ఆ ఇంటాయన మా ఫ్యాక్టరీలోనే ఫిట్టరు. నేను జీతం లెక్క కట్టి ఇచ్చిన చేతుల్లో ఆయన చెయ్యి ఒకటి. ఇప్పటికీ నన్ను మేడం అంటాడు. ఆయన భార్య నాకన్నా కొంచెం చిన్నది, అక్కా అంటుంది. ఆ ఇంటికి కొన్నేళ్లుగా రంగు లేదు. గోడల పెచ్చులూడి, వానకు కారిన చారలు నల్లబడి ఉన్నాయి. నిర్లక్ష్యంతో కాదు. స్థలం బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇచ్చేశారు. ఎండాకాలం లోపల ఖాళీ చేస్తే పాత ఇల్లు కూల్చి అపార్టుమెంటు కడతారు, అందులో వీళ్లకు రెండు ఫ్లాట్లు. కూలే ఇంటికి రంగు ఎవరు వేస్తారని ఊరుకున్నారు. కొడుకూ కోడలూ ఉప్పల్లో అందరికీ సరిపోయే అద్దె ఇల్లు కూడా మాట్లాడి పెట్టారు.

వచ్చిన మనిషి సినిమా కంపెనీ లొకేషన్ మేనేజరు. ముప్పై అయిదు దాటి ఉంటాయి, ఎండకు నల్లబడ్డ ముఖం. వరండాలో నిలబడి ఫోనుతో ఫొటోలు తీస్తుంటే నేను కూరగాయలు తీసుకుని వస్తూ ఆగాను.

"ఇట్లాంటి ఇల్లు ఎక్కడా దొరకట్లేదమ్మా," అన్నాడు ఫిట్టరు భార్యతో. "నెల నుంచి తిరుగుతున్నాం. ఒక వారం ఇస్తే చాలు, అద్దె ఇస్తాం."

"నా ఇల్లా? సినిమాలనా?" ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎవలుంటరు బిడ్డా మా ఇంట్ల, కథల?"

"హీరో ఇల్లమ్మా."

ఆమె నావైపు చూసింది. ఆ చూపు నేను వాళ్లబ్బాయి పెళ్లిలో చూశాను, మళ్లీ అదే. నేను మేనేజరును అడిగాను, హీరో ఏం పని చేస్తాడని. "డెలివరీ చేస్తాడు మేడం. అప్పుల యాప్‌లో ఇరుక్కుంటాడు. థ్రిల్లర్." నాకు కొంత అనుమానం వచ్చింది. అయితే అనుమానం లెక్క కాదు.

మర్నాడే ఆమె రంగులవాణ్ని పిలిచింది. మా వీధిలో ఇంటికి ఏ మంచి వచ్చినా మొదట జరిగేది అదే. బోనాలకైనా, పెళ్లికైనా, పిల్లకు పురుడైనా, ముందు గోడ, తర్వాత గడప. మనుషులు వస్తున్నారంటే గోడలు మురికిగా ఉంచడం వచ్చేవాళ్లను అవమానించడమే. ఇంటికి సినిమా వస్తే మరి?

వాళ్ల మాటలు గోడవతల నుంచి నాకు వినబడ్డాయి.

"కూలగొట్టే ఇంటికి రంగేందే? పిచ్చి లేసిందా?" అన్నాడు ఫిట్టరు.

"కూలగొట్టే ముందుగాలనే గదా ఎయ్యాలె. కూలగొట్టినంక దేనికేస్తవు, ఇసుకకా?"

"పైసలు కొరుకుతున్నయా నిన్ను?"

"ఆళ్లిచ్చే అద్దెలకెల్లే గదా. నీ పింఛను ముట్టలే." తర్వాత ఆమె గొంతు తగ్గింది. "మల్ల యాడ సూస్తం జెప్పు ఈ ఇంటిని? సినిమాల వడ్డదనుకో, ఇల్లు లేకున్నా బొమ్మ ఉంటది. మనుమలకు సూపెట్టొచ్చు. గట్ల గలీజుగ సూపెడ్తనా?"

సాయంత్రం చూస్తే కిటికీ ఊచలకు ఆయనే వెండిరంగు పూస్తున్నాడు. గోడకు చిలకాకుపచ్చ, కిందిపట్టీకి ఎర్రమట్టి రంగు. గేటు కీలుకు నూనె కూడా పెట్టాడు. ముఖంలో మాత్రం సంతోషం లేదు. నేను పలకరించాను.

"మీకు ఇష్టం లేనట్టుందే అన్నా?"

"సినిమావోళ్లంటె నాకు పడది మేడం. మీకు తెల్సు గదా."

తెలుసు. ఫ్యాక్టరీ మూతపడ్డాక షెడ్డు ఖాళీగా ఉండేది. ఓనరు దాన్ని షూటింగులకు అద్దెకిచ్చాడు. ఫిట్టరు పనిచేసిన పెద్ద ప్రెస్ మిషను ఇంకా లోపలే ఉంది. జీతం ఆగిపోయినా ఆయన వారానికోసారి వెళ్లి దానికి నూనె పెట్టి వచ్చేవాడు. ఎవరైనా కొనుక్కుంటే నడిచే స్థితిలో ఉండాలని. ఒకసారి వెళ్లేసరికి సినిమావాళ్లు దాని మీద గోధుమరంగు పొడి కలిపి తుప్పులా పూస్తున్నారట. మెరిసే ఇనుము మీద తుప్పు. విలన్ స్థావరం కదా, అలాగే ఉండాలన్నారట. సినిమా విడుదలయ్యాక ఈయన ఉండబట్టలేక ఇంటిల్లిపాదినీ ఉప్పల్లో థియేటరుకు తీసుకెళ్లాడు. ప్రెస్ కనిపించింది. దాని పక్కన ఒకణ్ని కట్టేసి కొడుతున్నారు. వెనక వరసలో ఎవడో, "ఏందిరా ఇది, పాతినుప సామాన్ల దుక్నమా?" అన్నాడు, నాలుగు వరసలు నవ్వాయి. పిల్లలు నాన్నా నీ మిషనేదని అడుగుతుంటే ఈయన ఇంటర్వెల్లో బయటికొచ్చి బజ్జీల బండి దగ్గర నిలబడ్డాడట. బస్‌స్టాపులో నాకు ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన ఆఖరికి అన్నది ఒకటే, "ఆళ్లకు తెల్వదు మేడం, అది నడిచే మిషను."

షూటింగు సామాను రావలసిన రోజు పొద్దున్నే పక్కింటి గడపకు పసుపు, కుంకుమ బొట్లు, గుమ్మానికి మామిడాకులు. ఆమె పట్టుచీర కట్టుకుంది. వ్యాను వచ్చి ఆగింది. లొకేషన్ మేనేజరుతోపాటు ఒకమ్మాయి దిగింది, ఆర్ట్ డైరెక్టరట, కురచ జుట్టు, చేతుల నిండా పాత రంగుల మరకలు. వెనక ఇద్దరు బకెట్లు మోసుకొచ్చారు.

ఆ అమ్మాయి గేటు దగ్గర ఆగి తన ఫోనులో ఫొటో చూసింది, ఇల్లు చూసింది, మళ్లీ ఫొటో చూసింది.

"అన్నా, ఇదేనా ఇల్లు?"

మేనేజరు వీధి అటూ ఇటూ చూశాడు. "ఇదే. అంటే, ఇది కాదు. ఇదే కానీ..."

"రాండ్రి, రాండ్రి," పక్కింటామె ఎదురెళ్లింది. "ఎట్లున్నది బిడ్డా? మూడొద్దులల్ల ఏయించిన."

"చాలా బాగుందమ్మా," అంది ఆ అమ్మాయి నిజంగానే. "కానీ మాకు పాతగానే కావాలి. ఆ పెచ్చులు, ఆ చారలు... వాటి కోసమే ఈ ఇల్లు అనుకున్నాం."

ఆమెకు వెంటనే అందలేదు. అందాక ముఖం ఎర్రబడింది. "మరకల కోసమొచ్చిన్రా మీరు? నా ఇల్లు సక్కగున్నదని గాదా?"

మేనేజరు ముందుకొచ్చాడు. "మీరేం ఫికర్ చేయకండమ్మా. మావాళ్లు మధ్యాహ్నానికల్లా మళ్లీ పాతగా చేసేస్తారు." బకెట్ల మీద మూతలు తీశాడు. ఒకదాంట్లో టీ డికాక్షను, ఒకదాంట్లో సిమెంటు నీళ్లు, మరొకదాంట్లో పల్చటి నల్లరంగు.

"కొత్త రంగు మీద గలీజు పూస్తరా?" ఆమె భర్త వైపు తిరిగింది. "ఇన్నవా, ఏమంటున్నరో?"

"నేను ఎన్నడో ఇన్న," అన్నాడు ఫిట్టరు వరండా అరుగు మీంచి లేవకుండానే.

ఆమెకు అప్పుడు నా మొదటి ప్రశ్న గుర్తొచ్చినట్టుంది. "ఇంతకు గా పిలగాడు ఏం జేస్తడు మా ఇంట్ల?"

ఆర్ట్ డైరెక్టరు దాచలేదు. మెట్టు మీద కూర్చుని కథ చెప్పింది. డెలివరీ కుర్రాడు. మంచం పట్టిన తల్లి. యాప్‌లో అప్పు. వసూలుకు వచ్చిన ఏజెంటు తల్లిని ఒక మాట అంటాడు, పెనుగులాటలో చనిపోతాడు. అది దాచడానికి ఇంకో హత్య. ఆపైన ఇంకోటి.

"అంటే సంపేటోని ఇల్లా నాది?"

"వాడు మంచివాడేనమ్మా. పరిస్థితులు అలాంటివి."

"మాకు లెవ్వా పరిస్థితులు? ఈయన కంపిని మూతవడ్డప్పుడు పిలగాండ్లు గింతగింత ఉండె. ఎవలను సంపినం మేము?"

ఆర్ట్ డైరెక్టరుకు నవ్వొచ్చింది, మాకూ వచ్చింది, ఆమెకు మాత్రం రాలేదు. మేనేజరు చెమట తుడుచుకున్నాడు. వీధికి పర్మిషను తీసుకున్నారు, ఎల్లుండి నుంచి షూటింగు.

"పోనీ ఒక పని చేద్దాం. ఏజెంటు ఇల్లు ఉప్పల్లో చూశాం, అది ఇక్కడ తీసేద్దాం. చనిపోయినవాడి ఇల్లు కాబట్టి నీటుగా ఉన్నా ఫరవాలేదు."

"సచ్చినోని ఇల్లంటె? ఫోటో పెట్టి దండేస్తరా?"

"వేస్తామమ్మా. ఒక దీపం కూడా."

"నా గోడకా!" ఆమె కొంగు నడుముకు చుట్టింది. "నేను మంచిగున్న, నా పెనిమిటి మంచిగున్నడు, నా గోడకు దండేసిన ఫోటో ఏందయ్యా? సంపినోని ఇల్లంటె ఒప్పుకుంటగని సచ్చినోని ఇల్లు మాత్రం ఒప్పుకోను, ఏమనుకున్నా సరె."

ఫిట్టరు నవ్వాడు. సినిమా పేరెత్తితే ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు.

నాకు మాత్రం ఆసక్తి ఎక్కువైంది. చంపినవాడూ ఇలాంటి వీధివాడే, చచ్చినవాడూ ఇలాంటి వీధివాడే. ఇద్దరి జీతాలూ ఇంచుమించు ఒకటే అయి ఉంటాయి. మరి అప్పిచ్చినవాడెక్కడ?

"యాప్ ఓనరు ఇల్లేది?" అని అడిగాను మేనేజరును.

"అతను కనిపించడు మేడం. ఫోన్లో గొంతు మాత్రమే."

"వెనకటి సినిమాల్లో పైవాడికి పెద్ద బంగళా ఉండేది. రెండు వైపులా మెట్లు."

"అవి అప్పుడు దొరికేవి మేడం. పెద్ద కుటుంబాలు విడిపోయి ఇళ్లు ఖాళీగా పడి ఉండేవి, రోజుకింతని ఇచ్చేవాళ్లు. ఇప్పుడు వాటిల్లో ఆఫీసులు, ఫంక్షన్ హాళ్లు. మా బడ్జెట్‌కి ఎక్కడొస్తాయి?"

"తర్వాత ఫ్యాక్టరీల్లో తీసేవారు."

"మూతపడ్డవి కదా, అగ్గువకు వచ్చేవి. అవీ గోడౌన్లయ్యాయి, అపార్టుమెంట్లయ్యాయి. తర్వాత కొన్నాళ్లు సగం కట్టి ఆపేసిన బిల్డింగులు బాగా దొరికాయి."

"మరి ఈ ఇల్లు మీకెలా తెలిసింది?"

అతను కాస్త తటపటాయించి, పక్కింటామె లోపలికి వెళ్లిందని చూసుకుని చెప్పాడు. "బిల్డర్లను అడుగుతాం మేడం. కూలగొట్టబోయే ఇళ్లు ఏమున్నాయని. గోడకు మేకు కొట్టినా, తలుపు విరిగినా అక్కడ ఎవరూ ఏమీ అనరు కదా."

నా ప్రశ్నకు జవాబు ఇంత మామూలుగా ఉంటుందని అనుకోలేదు. సినిమా మా గురించి ఏమనుకుంటోందని ఇన్నేళ్లు ఆలోచించాను. సినిమా అద్దె ఎక్కడ తక్కువో చూసుకుంటూ వచ్చింది. బంగళా ఖాళీ అయినప్పుడు నేరం బంగళాలో, ఫ్యాక్టరీ ఖాళీ అయినప్పుడు ఫ్యాక్టరీలో. ఊళ్లో ఏ రకం మనుషుల చోటు ఖాళీ అవబోతుంటే అక్కడ హత్య జరుగుతుంది. అయితే ఇది మా సంగతి కాదని కూడా అనలేం. ఎవరి చోటు ఎప్పుడు ఖాళీ అవుతుందన్నదే కదా అసలు కథ. రచయిత వేరే ఏదో రాస్తున్నాననుకుంటాడేమో గానీ, ఆ అద్దె కూడా కథలోకి వచ్చి కూర్చుంటుంది. ఇందులో ఎంత వంతు రచయితది, ఎంత వంతు అద్దెది అని విడదీయడం ఇప్పటికీ నావల్ల కాలేదు.

లోపల పక్కింటామె పట్టుచీర మార్చేసి, పాత నేతచీరలో బయటికొచ్చింది. "పోండ్రి బిడ్డా, ఇంకో ఇల్లు సూస్కోండ్రి. నేనియ్య," అంది. గొంతులో కోపం కూడా లేదు. మామిడాకుల తోరణం వైపు చెయ్యి వేసింది, తీసేద్దామని.

"ఆగు," అన్నాను. "మేనేజరుగారూ, మా వెనక గది ఒకసారి చూడండి."

మా ఇల్లు కూడా కొత్తదేం కాదు. మావారు సొసైటీలో తీసిన అప్పూ నా ప్రావిడెంట్ ఫండూ కలిపి కొన్నది. వెనక గది కాలువ వైపు ఉంటుంది. ఆర్ట్ డైరెక్టరు గదిలో అడుగుపెట్టి, కింది నుంచి పైకి పాకిన చెమ్మ చూసింది, ట్యూబులైటు చూసింది, గీతలు పడ్డ ఇనప బీరువా చూసింది. "అబ్బ, ఇది భలే ఉందండీ. ఏం మార్చనక్కర్లేదు," అంది మేనేజరుతో. నాకు కాస్త చివుక్కుమంది. అది నేను రోజూ తడిగుడ్డ పెట్టి తుడిచే గది. అయినా సరేనన్నాను.

పక్కింటామె నా వెనకే వచ్చి నిలబడి ఉంది. "ఏందక్కా, పెన్షనొచ్చే మనిషివి, సంపేటోనికి ఇల్లిస్తవా? నీకేమనిపియ్యదా?"

"ఒక వారమే కదా."

"నాకు మస్తనిపిచ్చింది. నీకెందుకనిపియ్యలే?"

ఎగతాళిగా అడిగింది కాదు, తెలుసుకోవాలనే అడిగింది. అందుకని నేనూ ఆలోచించే చెప్పాను. వారం తర్వాత వాళ్లు వెళ్లిపోతారు, నేను గోడ కడిగిస్తాను, గది మళ్లీ నాదవుతుంది. ఎవరైనా సినిమా చూసి ఈమె ఇల్లిలా ఉందేమిటనుకుంటే, ఇంటికొచ్చి చూసుకోవచ్చు, గది ఇక్కడే ఉంటుంది. "నీ ఇల్లు అలా కాదు కదా," అన్నాను. "ఎవరొచ్చి చూస్తారు?"

ఆమె తల ఊపింది. "గదే గదక్కా నేననేది," అంది.

మేనేజరుకు ప్రాణం లేచొచ్చింది. కథలో హీరో ఇంటి పక్కిల్లు కూడా ఉందట. పోలీసులు వచ్చి, పక్కింటివాళ్లను రెండు ముక్కలు అడిగి పోతారు. అందుకోసం ఒకామెను తీసుకొస్తున్నారట. ఆ మాట వినగానే పక్కింటామె తోరణం మీంచి చెయ్యి తీసింది.

"పక్కింటామెను యాడికెల్లో తెచ్చుడేంది? పక్కింటామెను నేనే గదా. నా వాకిట్ల ఇంకో ఆడమనిషి నిలవడుతదా?"

"డైలాగ్ ఉందమ్మా."

"నాకు నోరు లేదా?"

నోరుందని అందరూ ఒప్పుకున్నారు.

షూటింగు మూడో రోజు ఆమె వంతు వచ్చింది. మళ్లీ పట్టుచీర కట్టుకుంది. డైరెక్టరు నెమ్మదస్తుడైన మనిషి. ఇన్‌స్పెక్టరు వేషం వేసినతను గడప మీద బూటు పెట్టబోతే, "అయ్యా, గడప దాటి రా, తొక్కకు," అని ఆమె కసిరింది, అతను పోలీసు బట్టల్లోనే క్షమించమ్మా అన్నాడు. అందరూ నవ్వాక డైరెక్టరు ఆమెకు మాట నేర్పాడు. "చాలా మంచివాడు సార్. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు."

"ఎవలతోని మాట్లాడనోడు మంచోడో కాదో నాకెట్ల తెలుస్తది?"

"సినిమాల్లో అలాగే అంటారమ్మా."

"అంటే అననియ్యిండ్రి. నేనెట్లంట?"

డైరెక్టరు గెడ్డం గోక్కుని, మీకెలా వస్తే అలా చెప్పండమ్మా అన్నాడు. కెమెరా నడిచింది. ఆమె తలుపు పట్టుకుని నిలబడి, ఇన్‌స్పెక్టరు ముఖంలోకి చూసి, "మంచోడే సారు. నల్లా ఒచ్చినప్పుడు నా బిందె గూడ నింపి పెడ్తుండె. ఏమైందో ఏమో మల్ల," అంది. డైరెక్టరు ఓకే అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆమె చప్పట్లు పట్టించుకోకుండా తిన్నగా డైరెక్టరు తీసింది చూసుకునే టీవీలాంటి దాని దగ్గరికి వచ్చింది.

"ఏది, సూపెట్టు."

చూపించారు. తెర నిండా ఆమె ముఖం. చెవి పక్కన ఒక వేలెడు పచ్చగోడ.

"ఇల్లేది?"

"క్లోజప్ అమ్మా. మీ ముఖం ఎంత బాగా వచ్చిందో చూడండి."

"నా మొఖం నేనెత్కపోత గద యాడికి పోతె గాడికి. ఇల్లు తియ్ బిడ్డా."

డైరెక్టరు గడియారం చూసుకున్నాడు. ఎండ వాలుతోంది, ఇంకా మా వెనక గదిలో పని మిగిలి ఉంది. అసిస్టెంట్లు తదుపరి షాటుకు లైట్లు ఎత్తుతున్నారు. ఆమె కదలలేదు. బతిమాలలేదు కూడా, ఊరికే నిలబడింది. అప్పుడు ఫిట్టరు, మూడు రోజులుగా అరుగు దిగని మనిషి, లేచి వచ్చి తెర ముందు వంగాడు. చాలాసేపు చూశాడు.

"కిటికి వడలే," అన్నాడు. "రేకులు వడలే. గేటు వడలే." డైరెక్టరు వైపు తిరిగాడు. "సారు, కెమెరా రోడ్డవతలికి పోతదా?"

"వెళ్తుంది కానీ..."

"ఆ తోపుడుబండిని నేను జరుపుత."

డైరెక్టరు ఆయన్నీ, ఆమెనూ, ఇంటినీ చూశాడు. పోలీసు జీపు వచ్చి ఆగే షాటు ఒకటి ఎలాగూ కావాలి, అది ఇక్కణ్నుంచే తీద్దాం అన్నాడు. ఎందుకన్నాడో నాకు తెలియదు. కెమెరాను నలుగురు మోసుకుని రోడ్డు దాటించారు. ఉల్లిగడ్డలమ్మే తోపుడుబండిని ఫిట్టరూ, బండివాడూ కలిసి మూలమలుపు దాకా నెట్టారు.

ఈసారి తెరలో ఇల్లు మొత్తం వచ్చింది. గేటు, వరండా, పైన రేకులు, వెండిరంగు ఊచల కిటికీ, చిలకాకుపచ్చ గోడ, గుమ్మంలో ఆమె. నేనూ వంగి చూశాను. ఒక పక్కన మా ఇంటి మూల కూడా కొంచెం పడింది, హంతకుడిది.

"రెడీ," అన్నాడు డైరెక్టరు.

"ఆగుండ్రి," అని ఫిట్టరు రోడ్డు దాటి పరుగులాంటి నడకతో వెళ్లాడు. గోడకు ఆనించి ఉన్న చీపురు తీసి లోపల పెట్టాడు. కిటికీ రెక్క ఒకటి సగం మూసి ఉంటే పూర్తిగా తెరిచాడు. ఆమె ఏదో అంది, మాకు వినబడలేదు. ఆయన తలాడించి, ఆమె పక్కనే ఒక్క క్షణం నిలబడి, తర్వాత కెమెరాకు అడ్డం రాకుండా గోడవెంబడే నడుచుకుంటూ ఇవతలికి వచ్చాడు.

"ఇగ తియ్యిండ్రి," అన్నాడు.